పెద్దాయన్ని ఉంచాలా, పంపాలా?

జిరాక్స్ మిషన్‌లోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితాన్ని చెంపకి ఆనించుకునే అలవాటు నాది. నిజామాబాద్‌లో మా కాలేజీ ఆఫీసులో అందరూ చూసి నవ్వుకుంటారు. ఏప్రిల్ ఎండల్లో కూడా "మేడమ్‌కి చలి పెడుతున్నట్టుంది" అంటారు. నవ్వుకోనీ. ఆ వెచ్చదనం తగిలి, ఆ ఇంకు వాసన ముక్కుకి సోకిందంటే నేనిక ఇక్కడ ఉండను. గల్ఫ్‌లోని రువైస్‌లో, తెల్లటి పొగమంచు మధ్య, ఒక రేకుల క్యాబిన్‌లో ఉంటాను. ఎదురుగా మస్తాన్ బాబాయ్ నిలబడి ఉంటాడు. ప్రింటర్‌లోంచి మొదటి కాగితం తీసి చెంపకి ఆనించుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకుంటాడు. "ఏందమ్మాయ్, నిద్ర చాల్లేదా? ఇదో, అమెరికా నుంచి వేడివేడిగా వచ్చింది" అంటాడు.

మస్తాన్ బాబాయ్‌ది నెల్లూరు. గల్ఫ్‌కి వచ్చి అప్పటికే ఇరవై ఏళ్లు దాటింది. రిఫైనరీ విస్తరణ పనులు జరుగుతున్న సైటులో కాగితాల విభాగం ఆయనది. నేను రెండువేల నాలుగులో మా ఆయన వెంట వెళ్లి, కంపెనీ క్వార్టర్‌లో గోడలు చూస్తూ కూర్చోలేక, బాబాయ్ కింద టైపిస్టుగా చేరాను. ఆ సైటులో ఎవరికి ఏ సందేహమొచ్చినా నోటితో అడిగితే చెల్లదు. ఫారం మీద రాయాలి. దాన్ని క్వెరీ అనేవాళ్లం. బాబాయ్ దానికి నంబరు వేసి, 'ఓపెన్' అని ఎర్ర ముద్ర కొట్టి ముదీర్ బల్ల మీదికి పంపేవాడు. ఏడు రోజుల్లో ముదీర్ జవాబు రాయాలి. ఆ తర్వాత ఆకుపచ్చ ముద్ర పడుతుంది, ఖలాస్. పైపు ఎక్కడ వంగాలన్న దగ్గర్నుంచి మరుగుదొడ్డి తలుపు ఎటు తెరుచుకోవాలన్న దాకా అంతా ఇదే దారి. "జవాబు రాని కాగితం బతికున్నట్టే అమ్మాయ్. దాన్ని ఫైల్లో పూడ్చిపెట్టమాకు" అని మొదటిరోజే చెప్పాడు నాకు.

ముదీర్ అంటే మా మేనేజర్, వాల్టర్ అనే అమెరికా ఆయన. పొడుగ్గా, ముభావంగా ఉండేవాడు. ఆయన ప్రాణమంతా తన ఊరి బేస్‌బాల్ జట్టు మీదే. కంప్యూటర్ తెర మీద చదివితే కళ్లు లాగేస్తాయని, ఆ జట్టు వార్తలు రోజూ అచ్చు తీయించుకునేవాడు. ఆ పని బాబాయ్‌ది. చలికాలం వస్తే అక్కడ ఆట ఉండదు, మైదానం మీద మంచు పడుతుంది. వార్తలు మాత్రం ఆగవు, ఇంకా ఎక్కువవుతాయి. ఎవర్ని ఉంచుకుంటారు, ఎవర్ని ఎవరికిచ్చి ఎవర్ని తెచ్చుకుంటారు, అన్నీ తగాదాలే. అక్కడ వాళ్లు పడుకునే వేళకి మాకు తెల్లారేది. ముదీర్ వచ్చేలోపే బాబాయ్ అంతా చదివేసి, పది గంటల చాయ్ దగ్గర మాకు తెలుగులో చెప్పేవాడు.

మేమెవరం ఆ ఆట చూసి ఎరగం. నేను చూడలేదు, బాబాయ్ చూడలేదు, క్యాబిన్ల మధ్య మా కాగితాలు మోసే డ్రైవర్ రాజలింగం అసలే చూడలేదు. అతనిది జగిత్యాల వైపు పల్లె. అయినా కాగితం మీది నలుపు తెలుపు బొమ్మల్లోంచి ఆ మైదానం మా ముగ్గురికీ ఎవరికి వారికి కనబడేది. డిసెంబర్ ఉదయాల్లో బయట పొగమంచు ఎంత దట్టంగా ఉండేదంటే, రిఫైనరీ గొట్టం మీది మంట కూడా ఎక్కడో ఆకాశంలో నారింజ రంగు మరకలా కనబడేది. సముద్రం లేదు, రోడ్డు లేదు. మంచు కప్పుకుని నిద్రపోతున్న ఆ మైదానం మా క్యాబిన్ వెనకాలే ఉందేమో, తలుపు తీసి నాలుగడుగులు వేస్తే కాళ్లకి తగులుతుందేమో అనిపించేది నాకు.

"ఆటే లేదాయె, గింత లొల్లి ఎందుకు భాయ్?" అని ఒకరోజు రాజలింగం అడిగాడు.

"ఆట ఉన్నప్పుడు అందరూ బంతినే చూస్తారు రాజలింగం. ఆట లేనప్పుడే గదా మనుషుల్ని చూసేది" అన్నాడు బాబాయ్.

రెండువేల ఆరు చలికాలంలో గొడవంతా ఒక్క మనిషి గురించే. బంతి విసిరే ఆటగాడు. పదహారేళ్లుగా ఆ జట్టులోనే ఉన్నాడట. భుజం అరిగిపోయింది, ఒప్పందం ముగిసింది. కొత్తగా రాసుకుంటామని గానీ, పొమ్మని గానీ యజమానులు చెప్పడం లేదు. ఒకరోజు ఉంచుతారని రాస్తారు, మర్నాడు పంపేస్తారని రాస్తారు. మేమాయనకి పెద్దాయన అని పేరు పెట్టుకున్నాం.

వాదన దొరికిందంటే నా నోటికి హద్దూ అదుపూ ఉండేది కాదు. గెలవడం కోసం ఎంత మాటైనా అనేసేదాన్ని. "పదహారేండ్లు చేసిండు, ఇప్పుడు ఎల్లగొడితే యాడికి వోతడు?" అని రాజలింగం జాలిపడితే నేను ఇంతెత్తున లేచాను. "ఇల్లు లేదా ఏంది? పోయి పండుమను. భుజం పోయినోన్ని పెట్టుకొని జట్టు ఏం జేస్తది, దండేసి దండం పెడ్తదా?" అన్నాను.

బాబాయ్ చాయ్ కప్పులు కడుగుతూ, "ఎట్టా విసరాలో తెలిసినోడమ్మాయ్. అది ఊరికే వస్తాదా?" అన్నాడు.

"తెలిస్తే ఏమాయె? చెయ్యి లేవాలె గద!"

ఆయన నవ్వి కప్పులు బోర్లించాడు. ముద్ర కొట్టేటప్పుడు ఆయన కుడిచెయ్యి సన్నగా వణికేది. అది నేను రోజూ చూసేదాన్ని. చూసి కూడా ఏం చూశానో ఇప్పటికీ నాకు తెలియదు.

మూడు వారాలు అదే పాట పాడి, చివరికి బాబాయ్‌ని ఉడికించాలని ఒక కొంటె పని చేశాను. క్వెరీ ఫారం తీసుకుని ఇంగ్లీషులో, ఇంజనీర్లు రాసే ధోరణిలో టైపు చేశాను. విషయం: పెద్ద వయసు ఆటగాడు. ప్రశ్న: వచ్చే సీజన్‌కి ఉంచాలా, పంపాలా? మా సూచన: పంపాలి. దయచేసి ధ్రువీకరించగలరు. కింద పేరు చదవరాని సంతకం కూడా గీసి, నవ్వుకుంటూ ఆయన బల్ల మీద పడేసి ఇంటికి పోయాను.

మర్నాడు పొగమంచు వల్ల మా బస్సు గంట ఆలస్యంగా వచ్చింది. నేను క్యాబిన్‌లో అడుగుపెట్టేసరికి బల్ల ఖాళీగా ఉంది. ఆ దొంతరలో ఉన్న కాగితాలన్నిటికీ నంబర్లు పడ్డాయి, ఎర్ర ముద్రలు పడ్డాయి, రాజలింగం అన్నీ ముదీర్‌కి ఇచ్చేసి వచ్చాడు. నాదీ పోయింది. ఇరవై ఏళ్ల అలవాటు, ఫారం కనబడితే బాబాయ్ చెయ్యి ఆగదు. "నా ఉద్యోగం పాయె బాబాయ్!" అన్నాను. ఆయనా బిత్తరపోయాడు. ఇంతలో ఫోన్ మోగింది. ఇద్దర్నీ రమ్మన్నారు.

వాల్టర్ బల్ల మీద నా ఫారం ఒక్కటే ఉంది. తిడతాడని చూస్తున్నాను. ఆయన తిట్టలేదు, నవ్వనూ లేదు. "పంపాలని సూచించింది ఎవరు?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే బాబాయ్ ముందుకొచ్చాడు. "ప్రశ్న మా విభాగానిది సార్. నంబరు పడింది. ఏడు రోజుల్లో తమరు జవాబు ఇవ్వాల" అన్నాడు, వచ్చిన ఇంగ్లీషులో.

వాల్టర్ సొరుగు తెరిచి ఇంకో కాగితం తీసి, నా ఫారం పక్కన పెట్టాడు. "దీనికి నంబరు లేదు. అందుకే రెండు నెలలుగా జవాబు రాయకుండా తప్పించుకున్నాను" అన్నాడు. అది బాబాయ్ అర్జీ. అరవై నిండబోతున్నవాళ్లకి వీసా మళ్లీ వేయించాలంటే, ఈ మనిషి కావాలని ముదీర్ పెద్దాఫీసుకి ప్రత్యేకంగా ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరం కోసం బాబాయ్ నవంబర్‌లోనే అడిగాడు. ఒక కాగితం మీద వయసు యాభై తొమ్మిది అని ఉంది. దాని పక్కనే నా సంతకంతో 'పంపాలి' అని ఉంది. భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. మూడు వారాలు నేను ఎవరి ముందు ఏం వాగానో ఒక్కొక్క మాటే చెవుల్లో మోగింది. ఆయన కప్పులు కడుగుతూ అవన్నీ విన్నాడు.

వాల్టర్ నా ఫారం మీద రాశాడు: 'ఉంచాలి. కాకపోతే అక్కడ నన్నడిగేవాళ్లు లేరు.' తర్వాత రెండో కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇక్కడ నన్నడిగారు" అని లేచాడు. ఆ మధ్యాహ్నమే రాజలింగం ఆయన్ని అబుదాబి పెద్దాఫీసుకి తీసుకెళ్లాడు. బాబాయ్‌కి ఒక్క ఏడాది ఇచ్చారు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ప్రింటర్ ముందు బాబాయ్ కాగితం చెంపకి ఆనించుకోకుండా ఊరికే పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెద్దాయన్ని పంపించేశారట. నాలుగు లైన్ల వార్త. "నాకు దొరికిందమ్మాయ్, ఆయనకి దొరకలా" అన్నాడు. తానెన్నడూ చూడని మనిషి కోసం, తెలియని ఆట కోసం, కళ్లు తుడుచుకున్నాడు.

ఆ ఏడాదిలో ఆయన నాకు పని మొత్తం నేర్పాడు. వెళ్లేరోజు రెండు ముద్రలూ నా చేతిలో పెట్టాడు. రాజలింగం కారు స్టార్ట్ చేశాక నేను కిటికీ దగ్గరికి పరిగెత్తాను. ఏడాదంతా గొంతులో పెట్టుకు తిరిగిన మాట అది. "బాబాయ్, అప్పుడు నేనన్న మాటలు..." అన్నాను.

"ఏ మాటలమ్మాయ్?" అన్నాడు ఆయన, నిజంగానే గుర్తులేనట్టు. "అదంతా బేస్‌బాల్ గదా!"

కారు పొగమంచులోకి పోయింది. నేను చాలాసేపు అక్కడే నిలబడి ఏడ్చాను.

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, నేను జిరాక్స్ గదిలో ఉన్నానని తెలియక, "ఈ మేడమ్‌ని ఇంకెన్నాళ్లు భరిస్తారో, ఒక్క ఆన్‌లైన్ పనీ రాదు" అని ఎవరితోనో అంటోంది. తలుపు దగ్గర నన్ను చూసి కొయ్యబారిపోయింది. సాయంత్రం నా బల్ల ముందుకొచ్చి చేతులు నలుపుకుంటూ, "మేడమ్, పొద్దున నేనన్నది..." అంది. కళ్లనిండా నీళ్లు.

"ఏదమ్మా?" అన్నాను. "అదంతా బేస్‌బాల్ గదా!"

పాపం, ఆ పిల్లకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కూర్చోమని కుర్చీ చూపించి, చాయ్ పోశాను.