పురానాపూల్ చింతల కింద నీళ్ల డ్యూటీ

మే నెల. ఎనభైల తొలి సంవత్సరాలు. ఉదయం ఐదున్నరకు మా జవాన్ల సెక్షన్ పురానాపూల్ దగ్గర దిగింది. ఎనిమిది మందిమి, రెండు నీళ్ల ట్యాంకర్లు, ఒక వైర్‌లెస్ సెట్టు. వానలు వరసగా ఎగ్గొట్టాక వచ్చిన ఎండాకాలం అది. జనం కొట్టుకోకుండా నీళ్లు పంచడం మా పని. నేను అక్కడికి దగ్గర్లోని శాలిబండలో పుట్టినవాణ్ణి. సొంత ఊళ్లో యూనిఫాంతో నిలబడటం అదే మొదలు.

ట్యాంకర్లను ఓ పాత తోటలో, చింతచెట్ల కింద ఆపాం. కొమ్మకొమ్మకీ గబ్బిలాలు. తోట ఊడ్చే మల్లమ్మ చెప్పింది: "మా అత్త కాలం సంది ఉన్నయి బిడ్డా. పొద్దుగూకంగనే మూసీ మీద వాలి నీళ్లు తాగి పోతయి. ఈయేడు మూసీల నీళ్లేడున్నయి?"

నాలుగో రోజు పన్నెండింటికి గాలి ఆగిపోయింది. ట్యాంకర్ ముట్టుకుంటే చెయ్యి కాలింది. గబ్బిలాలు రెక్కలతో విసురుకుంటూ కింది కొమ్మలకు దిగాయి. ఒంటిగంటన్నరకు మొదటిది నా బూట్ల ముందు పడింది. తర్వాత ఆగకుండా పడ్డాయి.

మల్లమ్మ పరుగెత్తుకొచ్చింది. "జర ఆ పైపు చెట్ల మీదికి తిప్పు బిడ్డా. పానాలు పోతున్నయి."

మా హవల్దార్ సెట్టు అందుకుని పైవాళ్లను అనుమతి అడిగాడు. జవాబు గరగరమంటూ వచ్చింది: "పానీ సిర్ఫ్ ఆద్మీ కే లియే. ఓవర్."

"నీళ్లు మనుషులకేనట, విన్నవ్ గద తమ్మీ," అన్నాడు నాతో.

నీళ్ల వరసలో ఉన్న ఒకాయన బిందె చాచాడు. "నాకు సగమే కొట్టు భాయ్. తక్కిన సగం వాటికి పోయ్."

వెనక నుంచి ఒకామె అరిచింది: "మా పోరగాండ్లకే లేవు, గబ్బిలాలకా?"

ఇద్దరి మాటా నిజమే. నేను పైపును బిందెలోనే ఉంచాను.

నాలుగింటికి వరస అయిపోయింది. ట్యాంకర్ అడుగున కొన్ని నీళ్లు మిగిలాయి. హవల్దార్ నా చేతిలోంచి పైపు తీసుకుని పైకి కొట్టాడు. ధార కింది కొమ్మల దాకే అందింది. తడిసినవి బతికాయి. సాయంత్రం అవి లేచి, ఎండిన మూసీ దాటి పడమటికి పోయాయి. తెల్లారి ఏడింటి దాకా మల్లమ్మ చెట్ల వైపే చూస్తూ కూర్చుంది. ఒక్కటీ తిరిగి రాలేదు.

ఎండలు ముదిరితే జీవాలు చల్లని చోటు వెతుక్కుంటూ తరలిపోతాయని, పోలేనివి చస్తాయని చాలా ఏళ్లకు పేపర్లో చదివాను. నాకది కొత్త సంగతి కాదు.

పదిహేనో రోజు బ్యారక్స్‌కు తిరిగొచ్చాం. అధికారి అడిగితే, అంతా సవ్యంగా జరిగిందని హవల్దార్ చెప్పాడు.

ఒక్కటి మాత్రం నన్ను వదల్లేదు. ఐదో రోజు పొద్దున పారలతో కళేబరాలు ఎత్తుతున్నాం. చచ్చిన ఒక తల్లి రొమ్మున పిల్ల బతికే ఉంది. ఎంత లాగినా రాలేదు. చివరికి నా చాకుతో తల్లి బొచ్చు కోశాను. మల్లమ్మ ఆ పిల్లను కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. అది బతికిందో లేదో అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ కలగలేదు. దాని గోళ్ల మధ్య, గట్టిగా పట్టుకున్న తల్లి ఎర్రటి బొచ్చు ఇంకా కనిపిస్తూనే ఉంది.