వెళ్ళొస్తా అనని మేష్టారు

1961 వానాకాలంలో నందిగామలో పుట్టిన ఒక మాట నిండు బస్సును మింగేసింది. సరే, మింగింది వాగే, అదీ కిటికీల దాకానే. కానీ వాగుకు ఆ బస్సును చూపించింది మాత్రం మాటేనని ప్రసూనాంబ ఇప్పటికీ అంటుంది.

ఆమె భర్త ఉమాకాంతం లెక్కల మేష్టారు. జగ్గయ్యపేట ప్లీడరు జగన్నాథరావు ఆయనకు ఒక ఇంగ్లీషు పుస్తకం చదవమని ఇచ్చాడు. మాటకు అర్థం ఎక్కణ్ణుంచి వస్తుందన్నది అందులో సంగతి.

"గబగబా చదవకండి మేష్టారూ. ఒక్కో వాక్యం పట్టుకుని, ఇంట్లో మాట్లాడే మాటల మీద పెట్టి చూడండి" అన్నాడు ప్లీడరు.

మాటకూ వస్తువుకూ చుట్టరికం లేదు, మనుషులు ఒప్పుకున్నారు, అంతే. ఈ ఒక్క సంగతీ ఉమాకాంతం తలకెక్కింది.

మర్నాడు ప్రసూనాంబ "బియ్యం నిండుకున్నాయండీ" అంది.

"నిండుకుంటే కొనడమెందుకు? అయిపోయాయి అను."

ఆమె చెవులు మూసుకుంది. సాయంత్రం దీపం కొండెక్కితే ఆయన "ఆరిపోయింది" అన్నాడు. పొద్దుగూకాక ఊరంతా పురుగు అనేదాన్ని పాము అన్నాడు, అదీ గట్టిగా. తెల్లారేసరికి కట్టెల మోపు కింద మూరెడు కుబుసం.

"చూశారా?"

"నిన్నా ఉండే ఉంటుంది. నువ్వు ఇవాళ చూశావు."

ఆమె కుబుసాన్ని చీపురుతో అవతలికి తోసేసింది. ఆయన నోట రాకూడని మాట ఇక ఒక్కటే మిగిలింది.

ఆదివారం పుస్తకం తిరిగిచ్చి రావడానికి ఆయన పేట బయల్దేరాడు. పడమట మబ్బు కాటుకలా పట్టింది.

"వెళ్తున్నా."

"వెళ్ళొస్తా అనండి."

"తిరిగి తెచ్చేది బస్సు, మాట కాదు ప్రసూనా."

"మీకు దణ్ణం పెడతా. ఒక్కసారి అనండి."

ఆయన నవ్వి, గొడుగు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి కుండపోత. పక్కింటి పుల్లమ్మ తడుస్తూ వచ్చింది. "పేట బస్సు వాగులో దిగబడిందంటమ్మా! మేష్టారు దాంట్లోనే ఎక్కారని మా ఆయనన్నాడు."

ప్రసూనాంబ గడప దాటి వీధి చివరిదాకా చూసింది. "వెళ్ళొస్తానని చెప్పే వెళ్ళారు పుల్లమ్మా" అంది. అబద్ధమే. అయినా మళ్ళీ మళ్ళీ అదే అంది, ఆయన బదులు తను అంటే చెల్లుతుందేమోనని.

జనం బస్సు టాపెక్కి బతికారని కబురొచ్చింది. ఆ జనంలో మేష్టారు లేడు.

దీపాలు పెట్టే వేళకు ఉమాకాంతం నిలువునా తడిసి గుమ్మం ముందు నిలబడ్డాడు. గొడుగు లేదు. పుస్తకం బస్సులోనే పోయింది. వాగు రెండు మైళ్ళుందనగా దిగి, నడిచి వచ్చేశాడట. ఎందుకు దిగారని ప్రసూనాంబ అడిగింది. ఆయన లోపలికి రాలేదు. బయటే నిలబడి, పొద్దుటి బాకీ తీర్చినట్టు, "వెళ్ళొస్తా" అన్నాడు. అప్పుడు గడప దాటాడు.

ఇది నిజమేనా అని ఎవరడిగినా మేష్టారు మండిపడతాడు.

"నిజమా, నా మొహమా! నేను ఏ బస్సూ ఎక్కలేదు, ఏ పుస్తకమూ చదవలేదు. వాగూ లేదు, వానా లేదు. అంతా కట్టుకథ. అవతల ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. వెళ్ళొస్తా."