వెనక్కి రానన్న జానయ్య

జానయ్య గారు ముప్పై ఒక్క సంవత్సరాలు ఆర్టీసీ బస్సు నడిపారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి దేవరకొండకు, దేవరకొండ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు. టైరు పేలిన రోజులున్నాయి, మాల్ అనే ఊరు దాటాక ఎద్దు అడ్డొచ్చి ముందద్దం పగిలిన రోజుంది. బయలుదేరిన బస్సును సగం దారిలో వెనక్కి తిప్పిన రోజు మాత్రం ఆయన సర్వీసులో లేదు. "బోర్డు మీద ఏ ఊరి పేరుంటే ఆ ఊరికి పోవాలె. లేకుంటే బోర్డెందుకు?" అనేవారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నేను మెచ్చుకున్నాను. మాట మీద నిలబడే మనుషులు కోర్టు ఆవరణలో నాకు అంత తరచుగా కనిపించరు.

ఎల్బీ నగర్‌లో ఆయన ఇంటి పై వాటాలో కిరాయికి ఉంటున్నాను. మాది తెనాలి. ఇక్కడి జిల్లా కోర్టులో జూనియర్ వకీలుగా చేరి రెండేళ్లయింది.

పదవీ విరమణ చేసిన మరుసటి ఏడాది ఆయనకు నడవాలన్న కోరిక పుట్టింది. సరూర్‌నగర్ చెరువు కట్ట మీద నడక రోజూ ఉన్నదే. ఇది అది కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తున, హిమాలయ యాత్రలకు జనాన్ని తీసుకెళ్లే చిన్న కార్యాలయం ఉంది. దాని గోడ మీద ఎవరెస్టు బేస్ క్యాంపు బొమ్మ చూసి ఆయన మెట్లెక్కారు. శిఖరం ఎక్కనక్కరలేదు, దాని పాదం దాకా నడిస్తే చాలు. పోను ఎనిమిది తొమ్మిది రోజులు. అరవై ఏళ్ల వయసులో ఇదేమిటని భార్య అండాలమ్మ గారు నిలదీశారు.

"ముప్పై ఏండ్లు కూసోనే పోయిన. ఒక్కసారి నడిచి పోతా" అన్నారాయన.

"నడవాలంటే యాదగిరిగుట్ట లేదా?"

"గుట్టకు నువ్వు గూడ ఒస్తవు."

"ఒస్తే ఏమాయె?"

"ఏమాయెనా? సగం దూరంల మోకాలు నొస్తున్నదంటవు. ఆటో ఎక్కుతం."

అయిదు నెలలు సాధన చేశారు. వీపు సంచిలో రెండు నీళ్ల క్యాన్లు పెట్టుకుని ఎల్బీ నగర్ మెట్రో స్టేషను మెట్లు పొద్దున్నే ఇరవై సార్లు ఎక్కి దిగేవారు. ఒకనాడు అక్కడి సెక్యూరిటీ ఆమె ఆపి, "పెద్దాయనా, రోజు ఒస్తవు, రైలెందుకు ఎక్కవు?" అని అడిగిందట. "రైలుతోని నాకేం పని? మీ మెట్లు మంచిగున్నయ్" అని చెప్పి వచ్చారు.

బయలుదేరే ముందు ఆ కార్యాలయం ఇచ్చిన ఒప్పంద పత్రం నా చేతికిచ్చి చదవమన్నారు. అందులో ఒక షరతు నాకు మింగుడుపడలేదు: గైడు దిగమంటే యాత్రికుడు మారుమాట లేకుండా దిగిపోవాలి. కారణం చెప్పనక్కరలేదట. వయసొచ్చిన మనిషి తన శరీరాన్ని ఒక అచ్చు వాక్యంతో పరాయివాడి తీర్పుకు అప్పగించడమేమిటి? నేరుగా దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి, ఆ బృందాన్ని నడిపించబోయే మహిపాల్‌తో అరగంట వాదించాను. మహిపాల్ నల్గొండ కుర్రాడు, మర్యాదస్థుడు, ఆ దారిని ఏడెనిమిది సార్లు తొక్కినవాడు.

"మేడం, గంత ఎత్తుల గాలి తక్కువైతది, మనిషి ఎవరి మాట ఇనడు. మేం గిట్ల రాసింది అందుకే" అన్నాడు.

"అయితే ఒప్పించండి. ఆజ్ఞాపించకండి" అన్నాను.

చివరికి అతడు పెన్ను తీసి, యాత్రికుడి రాతపూర్వక సమ్మతి ఉంటేనే కిందికి పంపాలని దిద్ది సంతకం చేశాడు. ఆనాడు మెట్లు దిగుతూ నేను పొందిన సంతోషాన్ని ఇప్పుడు తలుచుకోవడం కష్టంగా ఉంది.

ప్రయాణానికి రెండు రోజుల ముందు చెరువు కట్ట దగ్గర ఫ్లెక్సీ వెలిసింది. కట్టించింది ఉదయపు నడక సంఘం అధ్యక్షులు సాంబమూర్తి గారు, భీమవరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన విశ్రాంత బ్యాంకు ఉద్యోగి. మధ్యలో టోపీ పెట్టుకున్న జానయ్య గారు, చుట్టూ గుండ్రటి గడుల్లో పన్నెండుమంది కమిటీ సభ్యుల తలకాయలు, కింద ఎవరెస్టు బేస్ క్యాంపును జయించినందుకు అభినందనలు. మనిషి ఇంకా ఊరు దాటలేదు కదా అని అడిగాను.

"ముందే కట్టేస్తే ఆయన వచ్చేదాకా నలుగురూ చూస్తారమ్మా. వచ్చాక కడితే రెండో రోజుకే పీకేస్తారు" అన్నారు సాంబమూర్తి గారు. ఈ కాలనీల్లో గెలుపుకు ముందే దండ కొనడం అలవాటు. ఎవరికీ అందులో తప్పు కనిపించదు. జానయ్య గారు సిగ్గుపడ్డారు కానీ, దాని ముందు నిలబడి పన్నెండు పేర్లూ చదివారు.

అక్టోబరులో వెళ్లారు. నేపాల్‌లో నడక మొదలయ్యే లుక్లాలో విమానం దిగి ఫోను చేశారు, దారిలో నామ్చే అనే ఊరి నుంచి ఫోను చేశారు. ఆలుగడ్డలు తిని తిని నోరు చచ్చిందని ఫిర్యాదు చేశారు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం లొబుచే అనే చోటు నుంచి వీడియోలో కనిపించారు. అది దాదాపు అయిదు వేల మీటర్ల ఎత్తు. పెదవులు నల్లబడ్డాయి.

"నల్లా ఒచ్చిందా?" అని కుళాయి నీళ్ల గురించి అడిగారు.

"ఒచ్చింది" అన్నారు అండాలమ్మ గారు.

ఏదో మంచు గురించి చెప్పి, "నల్లా ఒచ్చిందా?" అన్నారు. ఆమె మళ్లీ చెప్పారు. కాసేపటికి మూడోసారి అడిగారు. ఆమె ఫోను పక్కకు తిప్పి నా వైపు చూశారు. "ఒక్క మాట రెండుసార్లు అడిగేటోడు కాదు బిడ్డా గీయన."

వెంటనే మహిపాల్‌తో మాట్లాడాను. రక్తంలో ప్రాణవాయువు ఆ ఎత్తులో ఎనభై శాతం దాకా ఉండాల్సింది అరవై ఒకటే చూపిస్తోందని, బృందం వెంట ఉన్న నేపాలీ గైడు పొద్దుటే దిగమన్నాడని, ఈయన ససేమిరా అంటున్నారని చెప్పాడు. తూలుతున్నారేమో చూడటానికి గీత గీసి దాని మీద నడిపించారట. కొద్దిగా తూలారు, పడలేదు.

"అయితే దింపండి. ఇంకా ఏం చూస్తున్నారు?"

"కాయితం మీరే మార్పిచ్చిండ్రు కదా మేడం. సంతకం పెట్టుమంటే పెట్టనంటున్నడు."

అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే కోపగించుకునేదాన్ని.

"మెదడు సరిగా పనిచేయని మనిషి కాదంటే అది కాదన్నట్టు లెక్క కాదు, మహిపాల్ గారూ."

"పనిచేస్తలేదని ఎవరు తేల్చాలె మేడం? ఈడ డాక్టర్ లేడు. మీరేమో ఎల్బీ నగర్ల ఉన్నరు."

జానయ్య గారికి ఫోనివ్వమని బతిమాలాను. "రేపొక్క రోజే వకీలమ్మా" అన్నారు, మాటను నాలుకతో తోస్తున్నట్టుగా. "ఆడ ఫ్లెక్సీ కట్టిండ్రు."

"నేను తీయించేస్తాను, బాబాయ్ గారూ."

"తీయించి ఏం జెప్తవు? జానయ్య లొబుచే దాక పోయి ఒచ్చిండనా? లొబుచే అంటే మన కట్ట మీద ఎవరికెరుక?"

అయినా సాంబమూర్తి గారింటికి పరుగెత్తాను. ఆయన నొచ్చుకున్నారు. "ఇప్పుడు దించితే మనిషికేదో అయిందనుకుంటారమ్మా, అశుభం. డప్పులవాళ్లకి కూడా చెప్పేశాం. నువ్వు ఆయనకి ధైర్యం చెప్పాలి గానీ ఇలా కంగారు పెట్టకూడదు." ధైర్యం జానయ్య గారి దగ్గర అవసరానికి మించి ఉందని ఎంత చెప్పినా ఆ పెద్దమనిషికి ఎక్కలేదు.

మరునాడు తెల్లవారగానే అండాలమ్మ గారు తనకు చేతనైన ఉపాయం చేశారు. "నాకు ఛాతీల నొస్తున్నది. జల్ది ఒచ్చెయ్యి" అని ఫోనులో మూలిగారు.

"వకీలమ్మకు ఫోనియ్యి" అన్నారు జానయ్య గారు. నాతో, ఆమెను కొత్తపేట దవాఖానకు తీసుకుపొమ్మని, ఆసుపత్రి కార్డు బీరువా పై అరలో ఉన్నదని, ఆటో కాదు క్యాబ్ పిలవమని చెప్పారు. అంతా చెప్పి మళ్లీ మొదటినుంచీ చెప్పారు. నేను సరే అన్నాను. ఫోను పెట్టేశాక చాలాసేపటి వరకు అండాలమ్మ గారి చేయి ఛాతీ మీదే ఉండిపోయింది.

బృందం ముందుకు కదిలింది, ఆయన కూడా కదిలారు. ఫోన్లు పలకడం మానేశాయి. నేను ఖాట్మండులోని మన రాయబార కార్యాలయానికి మెయిలు పంపాను, యాత్రల సంస్థకు పంపాను; అందిందని యంత్రం జవాబిచ్చింది. పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. నేను నేర్చిన విద్యంతా ఒక గుమ్మం, ఒక చిరునామా, నోటీసు అందుకునే ఒక మనిషి ఉంటేనే నడిచే విద్య. మంచులో నడుస్తున్న మనిషి చెయ్యి పట్టుకుని ఆపే సెక్షను ఏ పుస్తకంలోనూ లేదు. అండాలమ్మ గారు చిక్కుడుకాయలు ఈనెలు తీసి, తీసినవాటినే మళ్లీ చూసుకుంటూ కూర్చున్నారు.

పదకొండున్నరకు మహిపాల్ ఫోను వచ్చింది. గోరక్‌షెప్ దాకా చేరారు. అక్కడి నుంచి బేస్ క్యాంపు రెండు మూడు గంటల నడక. జానయ్య గారు బాట పక్కన కూలబడ్డారు. బూటు తాడు కట్టుకోలేకపోతున్నారు.

"ప్యాసింజర్లు అందరు ఎక్కిండ్రా అని అడుగుతున్నడు మేడం. లేపబోతే చేతులు విదిలిస్తున్నడు. నేను రాను అంటున్నడు. గా మాట మాత్రం సాఫ్‌గ అంటున్నడు. మబ్బు పట్టింది, హెలికాప్టర్ రాదు. పోర్టర్లు మోస్తమంటున్నరు, కానీ కట్టేసి మొయ్యాలె. ఏం చెయ్యమంటరు?"

ప్రపంచంలో ప్రతి అన్యాయానికీ నా దగ్గర ఒక వాక్యం సిద్ధంగా ఉంటుందని నమ్మినదాన్ని. కాదంటున్న మనిషిని తాళ్లతో కట్టమని ఏ అధికారంతో చెప్పను? చెప్పకుండా ఎలా ఉండను? అండాలమ్మ గారు నా చేతిలోంచి ఫోను లాక్కున్నారు.

"మహిపాలూ, కట్టి తీస్కరా బిడ్డా. తిడితే తిట్టనియ్యి, కొడితే కొట్టనియ్యి. కేసైతే నా మీద ఎయ్యమను."

ముగ్గురు పోర్టర్లు వంతులవారీగా వీపున కట్టుకుని ఆయన్ను ఫెరిచే అనే ఊరికి దించారు. దారి పొడుగునా తిట్టారట. అక్కడ వైద్యం దొరికింది. మరునాడు మబ్బు విడిచాక హెలికాప్టర్లో ఖాట్మండుకు చేర్చారు. మెదడులో నీరు చేరిందని, ఇంకో పూట ఆ ఎత్తులో ఉంటే దక్కేవారు కాదని అక్కడి వైద్యులు చెప్పారు.

పన్నెండు రోజుల తర్వాత ఇల్లు చేరారు. మాట తేటపడింది గానీ అడుగు ఇంకా కుదురుకోలేదు. గోడ పట్టుకుని నడుస్తారు. సాంబమూర్తి గారు శాలువాతో వచ్చి, "రెండు గంటల నడకంటే ఎంతండీ, చేరినట్టే" అన్నారు. జానయ్య గారు శాలువా మడిచి తిరిగిచ్చారు. "చేరలే సార్. నన్ను మూటలెక్క దించిండ్రు." అంతకంటే ఎవరితోనూ ఆ సంగతి ఎత్తలేదు. అండాలమ్మ గారితో అయితే ఏ సంగతీ ఎత్తలేదు. ఆమె అడిగినదానికి ఊ అంటారు, పెట్టింది తింటారు. తనంతట తాను ఆమెను ఒక్క మాట పలకరించి నెల దాటింది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం, ముందు గదిలో ఆయన నన్ను కూర్చోమన్నారు.

"ఒకటి అడుగుత వకీలమ్మా. నేను రానన్న. నోరు తెరిచి అన్న. అయినా కట్టి మోసిండ్రు. గట్ల మొయ్యనీకి వాళ్లకు హక్కున్నదా?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

మతి తప్పిన మనిషి మేలు కోరి, అతని అనుమతి లేకుండా చేసిన పని నేరం కాదని చట్టం చెబుతుంది. ఆ సెక్షను నాకు కంఠతా వచ్చు. హక్కుందని చెబితే, ఆనాడు తానన్న ఆ ఒక్క స్పష్టమైన మాట కూడా మతిలేని మాటేనని ఆయన మొహం మీద చెప్పినట్టు. లేదని చెబితే, గోడకు అవతల నిలబడి ఉన్న ఆమెను నేరస్థురాలిని చేసినట్టు. ఆయన ఓపికగా ఎదురుచూశారు.

అండాలమ్మ గారు గరిటెతోనే గుమ్మంలోకి వచ్చారు. "ఆ పిల్లనెందుకు అడుగుతవు? వాళ్లకు లేదు. నాకున్నది."

ఆయన నెల రోజుల తర్వాత ఆమెను సూటిగా చూశారు. "నీకెవరిచ్చిండ్రు?"

ఆమె గరిటె పక్కన పెట్టారు. "అన్నం సల్లగైతది, లే" అని చేయి చాచారు. ఆయన ఆ చేతిని కాసేపు చూశారు. తర్వాత గోడ పట్టుకుని, తనంతట తానే లేచారు.