మెడ వంచి చదివే నవ్వు

ఎస్తేరుకు చదువు రాదని ఎవరైనా అంటే కూతురు గ్రేసీకి ఒళ్ళు మండుతుంది. సంతకం చేయలేదు, నిజమే. బస్సు బోర్డు చదవలేదు, అదీ నిజమే. కానీ పదేళ్ళ పాటు మొగుడు పంపిన మెసేజీలన్నీ తానే చదువుకుంది, తానే జవాబులిచ్చింది. ఎవరినీ బతిమాలుకున్న పాపాన పోలేదు. కాకపోతే వాటిలో అక్షరాలుండేవి కావు. రెండు చుక్కలు, ఒక గీత, ఒక బ్రాకెట్టు, అంతే. మెడ ఎడమ పక్కకు వంచి చూస్తే కళ్ళు, ముక్కు, మూతి కనిపించేవి.

ఏబెల్ గూడూరు నుంచి మద్రాసుకు నిమ్మకాయల లారీ తోలేవాడు. ఆ విద్య అతనికి మద్రాసు మార్కెట్లో ఇంకో డ్రైవరు నేర్పాడు. కార్వేటినగరం దగ్గరి వాళ్ళ ఊరికి వచ్చి, ఒక్క సాయంత్రంలో పెళ్ళాన్ని కూర్చోబెట్టి నేర్పేశాడు. మూతి పైకి తిరిగితే క్షేమంగా ఉన్నానని. కిందికి దిగితే కోపమనో, ఆలస్యమనో, ఏదో ఒక పాడు. వచ్చిన మెసేజీ పక్కన కవరు బొమ్మ మూసి ఉంటే ఇంకా చూడలేదని, తెరిచి ఉంటే చూసేశారని. అదీ వాళ్ళ కాపురానికి సరిపోయిన చదువు.

ఎండాకాలమంతా ఎస్తేరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసేది. సొన తగిలి వేళ్ళ తోలు ఊడిపోయేది. టీ వేళకు ఆ వేళ్ళతోనే కొంగున కట్టుకున్న ఫోను తీసి, మెడ వంచేది. పక్కన కూర్చునే భారతమ్మ ఊరుకుంటుందా?

"సూడండే, ఎస్తేరుకు మెడ పట్టేసినాది! ఏబెలు మాట్లాడతా ఉండాడు!"

"నీకెందుకే కడుపుమంట? నీ మొగుడు మూడడుగుల దూరంలో ఉన్నా మాట్లాడడు గదా!" అనేది ఎస్తేరు. ఆ రోజుల్లో ఆమె నోటికి అడ్డూ ఆపూ లేదు. మనిషి నవ్విందంటే వీధి చివరకు వినబడేది.

ఎనిమిదేళ్ళ కిందట గ్రేసీ పదో తరగతి పాసైంది. ఎస్తేరు ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన పెట్టించి, పాస్టరుగారిని పిలిచింది. ఉంటానని మాటిచ్చిన ఏబెల్, ఓనరు పిలిచాడని ఆ రోజు తెల్లారేసరికి గూడూరు బయల్దేరాడు. ఎస్తేరు వాకిట్లో నిలబడి, "పో! ఆ లారీతోనే కాపురం సేసుకో!" అని అరిచింది. మధ్యాహ్నం అతను నవ్వు ముఖం పంపితే, మూతి కిందికి దిగిన కోపం ముఖం తిరగ్గొట్టింది. సాయంత్రం ప్రార్థన బాగా జరిగింది. పాస్టరుగారు ఏబెల్ పేరు కూడా ఎత్తి ప్రార్థించారు. ఆమె మనసు కరిగింది. అందరికీ టీలు ఇస్తూనే ఒక మూలకు పోయి, నవ్వు ముఖం చేసి పంపింది.

నాయుడుపేట దాటాక లారీ ఆగి ఉన్న ట్యాంకరును గుద్దుకుందని ఏడు గంటలకు కబురొచ్చింది.

పోలీసులు ఏబెల్ ఫోనును ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇచ్చారు. అద్దం పగిలింది, వెలగదు. ఎస్తేరు దాన్ని అతని ఖాకీ చొక్కాలో చుట్టి ట్రంకు పెట్టె అడుగున పెట్టింది. ఆ తర్వాత ఎనిమిదేళ్ళూ ఆమెను తొలిచింది ఒక్కటే ప్రశ్న. తన కోపం ముఖం చూసి పోయాడా, నవ్వు ముఖం చూసి పోయాడా? పాస్టరుగారిని అడిగింది, భారతమ్మను అడిగింది, ప్రతి ఆదివారం దేవుణ్ణి అడిగింది. ఎవరూ చెప్పలేదు. మనిషి నవ్వు చిన్నదైపోయింది.

గ్రేసీ ఇప్పుడు పుత్తూరులో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటరు టీచరు. తల్లికి కొత్త ఫోను కొనిపెట్టి, అందులోని పసుపుపచ్చ ముఖాలన్నీ చూపించింది. ఎస్తేరు పెదవి విరిచింది.

"ఎవురు పంపినా ఇదే మొగం వస్తాది గదమ్మే. మీ నాయనది ఒక్కో గుర్తూ ఏరి సేసింది."

ఈ వేసవిలో ఒకరోజు అన్నాలు తింటుంటే, గ్రేసీ పిల్లలకు చెప్పబోయే పాఠం కథలాగా తల్లికి చెప్పింది. నలభై ఏళ్ళ కిందట అమెరికాలో ఒక యూనివర్సిటీ వాళ్ళు కంప్యూటర్లో రాతలు రాసుకునేవారట. ఒకడు వేళాకోళానికి రాస్తే ఇంకొకడు నిజమని బెదిరిపోయేవాడట. ఇట్లా కాదని ఒక మాస్టారు, నవ్వులాటకు ఈ మూడు గుర్తులు పెట్టండి, కానిదానికి మూతి కిందికి తిప్పి పెట్టండి అని రాశాడట. పసుపు ముఖాలు ఆ తర్వాతెప్పుడో జపాను ఫోన్ల పుణ్యమా అని ఊరూరికీ పాకాయి.

"ఆ మొదటి నవ్వు రాసిన మెసేజీ పోయింది మా. ఇరవై ఏండ్లకు పాత టేపులన్నీ తిరగేస్తే దొరికినాదంట."

ఎస్తేరు చేతిలో ముద్ద ఆగిపోయింది.

"ఇరవై ఏండ్లకా?"

"ఊఁ."

"మనది ఎనిమిదేండ్లే గదమ్మే."

చెప్పకుండా ఉంటే బాగుండేదని గ్రేసీ అప్పుడే అనుకుంది. కానీ తల్లి చెయ్యి కడిగేసి, ట్రంకు పెట్టె తెరిచేసింది.

తిరుపతి బస్టాండు వెనక సందులో మునిశేఖర్ అని, పాత ఫోన్లు బాగుచేస్తాడు. వాళ్ళ ఫోను తిప్పి తిప్పి చూసి, "ఇంతకాలం దాచిపెట్టినారా తల్లీ! ఆశ పెట్టుకోవద్దండి, సూస్తా" అన్నాడు. అద్దం మార్చాడు, బ్యాటరీ మార్చాడు. ఎస్తేరు స్టూలు మీద కూర్చుని, గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

ఫోను వెలిగింది.

"ఆఖరుది ఐదూ పదికి వచ్చుండాది" అంటూ మునిశేఖర్ ఫోను గ్రేసీ చేతిలో పెట్టాడు. కింద వరసగా తెరిచిన కవర్లు. అన్నిటికన్నా పైన ఒక్కటే మూసి ఉంది.

అయ్యో నాయనా, అనుకుంది గ్రేసీ. ఈ అమ్మకు ఈ మాట ఎట్లా చెప్పేది? ఆలోచించేలోపే వేలు మీట నొక్కేసింది. కవరు తెరుచుకుంది. లోపల నవ్వు ముఖం.

"సూడు మా! తెరిచుండాది. నాయన సూసినాడు!"

ఎస్తేరు మెడ ఎడమ పక్కకు వంచింది. చాలాసేపు చూసింది. ఏడ్చింది, నవ్వింది, మునిశేఖర్‌కు చేతులెత్తి మొక్కింది. బస్సులో కూతురు భుజానికి ఆనుకుని కూర్చుంటే, తాను చేసింది మంచి పనేనని గ్రేసీకి ధీమా వచ్చింది.

రేణిగుంట దాటారు. ఎస్తేరు నెమ్మదిగా భుజం మీది నుంచి తల ఎత్తింది.

"ఐదూ పదికి వచ్చుండాది అన్నాడు గదా, ఆ అబ్బి?"

"అవును మా."

"గుద్దింది ఐదుంపావుకని పోలీసోళ్ళ కాగితంలో ఉండాది. పాస్టరుగారు సదివి సెప్పినాడు."

గ్రేసీ కిటికీ వైపు తిరిగింది.

"అంటే బండి తోలతానే సూసినాడు గదా" అంది ఎస్తేరు. "మెడ వంచి, నా బొమ్మ సూస్తా సూస్తా పోయి గుద్దినాడా? నేను పంపకుండా ఉండి ఉంటే బతికుండునా, గ్రేసీ?"

"కాదు మా, కాదు!"

"నేనే సంపుకున్యానా మీ నాయన్ని?"

బస్సులో నలుగురూ వెనక్కి తిరిగి చూశారు. పాత సొన మచ్చలున్న తల్లి రెండు చేతులూ పట్టుకుంది గ్రేసీ.

"నాయన సూడలేదు మా. కవరు మూసే ఉన్నింది. నువ్వు ఏడస్తావని నేనే తెరిచినా. అబద్ధం సెప్పినా మా, నన్ను కొట్టు."

ఎస్తేరు కొట్టలేదు, తిట్టలేదు. పుత్తూరు దగ్గర పడుతుండగా సంచిలోంచి ఏబెల్ ఫోను తీసి గ్రేసీ ఒళ్ళో పెట్టింది.

"మళ్ళా మూసెయ్ గ్రేసీ దాన్ని. అది మీ నాయన తెరవాల్సింది."

గ్రేసీ ఫోను తీసుకుంది. కళ్ళు మసకబారుతుంటే తుడుచుకుంటూ ఒక్కో మీటా నొక్కి చూసింది. జవాబు పంపడానికి ఉంది, చెరిపేయడానికి ఉంది. తెరిచిన కవరును మళ్ళీ మూయడానికి ఎంత వెతికినా ఏమీ దొరకలేదు.