ఎడమ రెక్క ఈకలు

నా చిన్నప్పుడు నాకున్న రెండు చేతుల్లో ఒక్కటే నలుగురిలోకి తీయదగ్గది. రెండోదాన్ని గౌను వెనక దాచుకోవాలి. నాది పుర్రచేతి వాటం. పలక మీద రాయాలన్నా, తలుపు గడియ తీయాలన్నా, ఎడమ చెయ్యే ముందుకు ఉరికేది. ఒక ఆదివారం చర్చిలో కానుక సంచిలో ఎడమచేత్తో బిళ్ళ వేశానని సండే స్కూలు టీచరమ్మ అందరి ముందూ నన్ను ఆపింది. వేసిన బిళ్ళ తీయించి, కుడిచేత్తో మళ్ళీ వేయించింది. వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ చెయ్యి నాది కాకపోతే బాగుండునని ప్రార్థన కూడా చేశాను. ఆ వయసులో దేవుణ్ణి ఏం అడగాలో ఎవరికి తెలుసు.

అప్పట్లో మేం లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, వర్క్‌షాపులో వడ్రంగిగా చేసి రిటైరై మాతోనే ఉండేవాడు. చర్చి నాటకాలకు కత్తులు, బల్లేలు, కిరీటాలు అన్నీ ఆయన చేతివే. ఆ క్రిస్మస్‌కు వేయబోయే నాటకంలో రాజకుమారుడి వేషం నాకొచ్చింది. నా ప్రతిభ చూసి కాదు, పిల్లలందరిలో పొడుగు నేనే, గొంతు పెద్దది నాదే. కథలో రాజకుమారుడు, దాక్కున్న స్నేహితుడి ప్రాణానికి ముప్పుందని నోటితో చెప్పలేక బాణంతో సైగ చేస్తాడు. బాణం బండరాయి దాటి పడితే పారిపొమ్మని అర్థం. టీచరమ్మ ఒక్కటే షరతు పెట్టింది. వింటితాడు కుడిచేత్తోనే లాగాలి.

బాణం నేనే చేసుకుంటానని పట్టుబట్టాను. మా వెనక వరస క్వార్టర్లలో ఒక ఆంగ్లో ఇండియన్ ఆంటీ పండక్కి టర్కీ కోళ్ళు పెంచేది. ఆవిడ దగ్గర తెచ్చిన ఈకల్లో అందమైనవి ఏరి, కర్రకు మూడువైపులా బంకతో అంటించాను. రిహార్సల్లో తాడు లాగి వదిలితే, బాణం తాగినవాడిలా తూలుతూ పోయి నా ముందే కూలబడింది. ఒక ఈక ఊడి గాల్లో తేలుతూ వెనకాల దిగింది. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. మర్నాడు కూడా ఇలాగే అయితే వేషం ఇంకొకరికి ఇస్తానని టీచరమ్మ చెప్పేసింది.

ఇంటికొచ్చి, అంతా ఈ పాడుచెయ్యి వల్లే అని ఏడ్చాను. బాణం లాగింది కుడిచెయ్యే అయినా, తిట్టుకోవడానికి నాకు అలవాటైంది ఎడమచెయ్యే. తాతయ్య బాణాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"చెయ్యి ఏం చేసింది బిడ్డా, ఈకలు కలిపినవ్. గిది ఎడమ రెక్కది, గివి రెండు కుడి రెక్కయి. ఒకటి ఇటు గుంజుతది, ఇంకోటి అటు గుంజుతది. బాణం పరేషాన్ కాదా?"

కోడి ఎడమ రెక్క ఈక ఒకవైపు వంగితే, కుడి రెక్క ఈక రెండోవైపు వంగుతుందని అప్పుడు చూపించాడు. ఒక బాణానికి మూడూ ఒకే రెక్కవి కట్టాలట. అయితే మూడూ కుడివే కట్టాలా అన్నాను. అనక ఏం చేస్తాను, అదే కదా నేర్చుకున్నది.

"మూడు ఎడమవైనా మంచిగనే పోతది. బాణానికి ఆ పట్టింపు లేదు" అన్నాడు.

నేను నమ్మనని కావాలనే మూడూ ఎడమ రెక్కవి తీశాడు. ఈనెలు చీల్చి, గరుకు కాగితంతో రుద్ది, అంటించాడు. బంక ఒక్కటే చాలదు, ముందు కొస లేచిందంటే ఈక మొత్తం ఊడుతుంది, అందుకే కొసను దారంతో బిగించాలి అన్నాడు. ఆ సన్నదారం ఆయన కళ్ళకు ఆనలేదు. నేను కుడిచేత్తో చుట్టబోతే వదులై జారిపోయింది. పొయ్యి దగ్గర నుంచి చూస్తున్న అమ్మ విసుగ్గా చేతులు తుడుచుకుని వచ్చి, "ఇటియ్యి" అని లాక్కుంది.

దారం ఒక్క చుట్టు పక్కన ఇంకో చుట్టు, సందు లేకుండా పడుతోంది. ఎంత చక్కగా చుడుతోందో అని చూస్తూ ఉండగా తెలిసింది, అమ్మ చుడుతున్నది ఎడమచేత్తో. పుట్టి బుద్ధెరిగాక అమ్మ ఆ చెయ్యి అలా వాడటం నేను చూడలేదు. నా చూపు గమనించి, చప్పున దారాన్ని కుడిచేతికి మార్చుకుంది. చెవులు ఎర్రబడ్డాయి, తల దించుకుంది. ఆ సిగ్గు ఎలాంటిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కాసేపటికి అమ్మ తల ఎత్తకుండానే అడిగింది. "మూడు ఎడమవైనా మంచిగనే పోతదని నాకెందుకు చెప్పలే నాయినా? చిన్నప్పుడు నా ఎడమ చెయ్యి మంచంకోడుకు కడితివి. అప్పుడు సుత నువ్వు బాణాలు చేస్తనే ఉంటివి."

తాతయ్య చేతిలోని గరుకు కాగితం మడతపెట్టి, మళ్ళీ విప్పాడు. "నలుగురు నవ్వుతరని కట్టిన బిడ్డా" అన్నాడు చివరికి. "గిప్పుడు నాకే సిగ్గయితుంది." తర్వాత ఆ పూట ఆయన అన్నానికి లేవలేదు. అమ్మ పిలిచింది గానీ బతిమాలలేదు.

దారం మళ్ళీ ఎడమచేతికి తీసుకుని, ముడి బిగించి, అమ్మ నాకు బాణం ఇచ్చింది. "నీకు ఏ చెయ్యి వస్తే ఆ చేత్తో వెయ్యి. టీచరమ్మతోని నేను మాట్లాడుత" అంది. మాట్లాడింది కూడా. నాటకం రోజు నేను ఎడమచేత్తో వేసిన బాణం బండరాయి దాటింది, చప్పట్లు కొట్టారు. ఎంత దూరం పోయిందని అడిగితే మాత్రం చెప్పలేను, నేను జనంలో అమ్మను వెతుక్కుంటున్నాను.

ఇప్పుడు కాప్రాలో మా ఇంట్లో మనవరాలు ఎడమచేత్తో ముద్ద కలుపుకుంటుంది. ఇంత తెలిసిన నాకే, చుట్టాల ముందు ఆ పిల్ల అలా తింటుంటే 'ఆ చెయ్యి తియ్యి' అన్న మాట నోటిదాకా వస్తుంది. వచ్చిన ప్రతిసారీ సిగ్గుపడతాను. ఏదో ఒకరోజు ఆ పిల్ల పెద్దదై నా ఎదురుగా కూర్చుని, నీకు తెలిసి కూడా ఎందుకన్నావు నానమ్మా అని అడిగితే, నా దగ్గరా తాతయ్య చెప్పిన జవాబే ఉంటుంది. అందుకని మాట మింగేసి, ఆ ఎడమచేతి పక్కకే పప్పుగిన్నె జరుపుతాను.