నూనె డబ్బాలో అరవై ఒక్కటి

సిద్దిపేట నుంచి మిరుదొడ్డి దిక్కు పోయే పొద్దుటి బస్సులో కిటికీ పక్క మూడో సీటు సారయ్యది. ఎవరూ రాసివ్వలేదు. ఇరవై ఆరేళ్ళుగా అందులోనే కూర్చోవడం వల్ల ఆ సీటుకు అతని వీపంత గుంట పడిందని కండక్టర్లు చెప్పుకుంటారు. ఈ మధ్యలో బస్సులు నాలుగు మారాయి, గుంట మాత్రం ఒక బస్సు దిగి ఇంకో బస్సు దానంతట అదే ఎక్కిందట.

అతను దిగేది ఒక మండలాఫీసు ముందు. ఏ మండలం అని అడగొద్దు, ఎక్కడైనా అదే బీరువా, అదే కిర్రుమనే ఫ్యాను. ఆ ఫ్యాను కింద గాలి తగలాలన్నా దరఖాస్తు పెట్టుకోవాలి. అక్కడ సారయ్య అటెండరు. చాయ్ తెస్తాడు, ఫైళ్ళు మోస్తాడు, సారు పిలిస్తే పలుకుతాడు. పొద్దున ఎనిమిదిన్నరకు మాత్రం అతనిని సారు పిలిచినా, దేవుడు పిలిచినా పలకడు.

ఆ సమయానికి ఆఫీసు వెనక, చుట్టూ కంచె వేసిన కొద్దిపాటి జాగలో అతను గొంతుకూర్చుని ఉంటాడు. అక్కడ భూమిలో పాతిన వాన కొలిచే డబ్బా ఉంది. పైన గరాటు, లోపల సీసా. సీసాలో చేరిన నీళ్ళను గీతల గ్లాసులో పోసి, కన్ను గీతకు సమంగా ఆనించి, ఊపిరి బిగబట్టి చూస్తాడు. ఆఫీసు ముందు సోలారు పలకతో తనంతట తానే కొలుచుకునే కంబం ఒకటి కొత్తగా వచ్చింది. అయినా రిజిస్టరులో రాసేది సారయ్య గ్లాసు చెప్పిందే.

ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పిన మనిషికి ఈ పిచ్చి ఎలా అంటుకుందంటే, వెనకటికి తనిఖీకి వచ్చిన ఒక ముసలి అధికారి అంటించి పోయాడు. పళ్ళెంలో పిండి పరిచి వానలో ఒక్క క్షణం పట్టు, ఎన్ని చినుకులు పడితే అన్ని ఉండలు కడతాయి, జల్లెడ పడితే చినుకుల సైజు తెలుస్తుందని చెప్పాడు. ఇక చూడండి. సారయ్య ఆ ఏడాది పట్టిన పిండితో సిద్దిపేటంతా రొట్టెలు చేసుకోవచ్చు.

"జొన్నపిండి వానకు వెడుతున్నవు, నాకేం వెడ్తవయ్యా," అని భార్య పెంటవ్వ అడిగేది.

"గిటు సూడు. గీ మబ్బుది ఆవగింజంత, గా మబ్బుది శనగగింజంత," అనేవాడు.

"సూసిన. రెండిట్లనూ పిండి నాదే."

బస్సులో, హోటల్లో, చావుకాడ కూర్చున్నా సరే, ఎవరు ఏ పార్టీలోకి దూకారన్నదే ముచ్చట. ఒకప్పుడు సారయ్యకూ ఆ తిక్క ఉండేది. ఇప్పుడు వింటేనే తల బరువెక్కుతుంది. పదకొండు మంది తహసీల్దార్లను చూశాడు. బోర్డు మీద మెదక్ జిల్లా చెరిపి సిద్దిపేట జిల్లా అని రాయడం చూశాడు. గెలిచిన ప్రతి నాయకుడికీ చాయ్ తనే తెచ్చాడు. తాగిన ప్రతివాడూ ఇకమీదట మీ బతుకు మారుతుందని చెప్పి గ్లాసు కింద పెట్టాడు. సారయ్య మోకాళ్ళు తప్ప ఏదీ మారలేదు. వాన ఒక్కటే ఎవరి మాటా వినకుండా తన పని తాను చేసుకుపోతుందని, దాని దగ్గర కూర్చుంటే కాస్త ప్రాణం నిమ్మళిస్తుందని అతనికి తెలుసు.

ఈ ఏప్రిల్‌లో ఆ నిమ్మళం కూడా పోయింది.

ఒక సాయంత్రం రాళ్ళవాన పడింది. ఆఫీసుకు పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉన్న చింతలగడ్డలో యాసంగి వరి కోతకు వచ్చి ఉంది. ఒక్కో రాయి కోడిగుడ్డంత అన్నారు, సాయంత్రం దాటేసరికి కొబ్బరికాయంత అయింది, మర్నాటికి ఒక రాయి మీద ఇద్దరు కూర్చోవచ్చన్నారు. రాయి సంగతి ఎట్లున్నా వరి నేలకు పరుచుకున్న మాట నిజం. గింజంతా బురదలో రాలింది. పొద్దున సారయ్య డబ్బాలో మాత్రం నాలుగు పాయింటు రెండు మిల్లీమీటర్లే తేలింది. అదే రాశాడు.

తొమ్మిదిన్నరకు వంశీ వచ్చాడు. చింతలగడ్డ కుర్రనాయకుడు. మూడేళ్ళలో మూడు పార్టీలు మారాడు గానీ బండి మార్చలేదు. వెనక స్టిక్కరు మీద స్టిక్కరు అతికించి బండి బరువెక్కింది.

"కాకా, వాన ఎంత రాసినవ్?"

"నాలుగు పాయింటు రెండు."

"మా ఊళ్ళ వరి అంత పండుకున్నది. నాలుగు అని పైకి పోతే సర్వేకు కుక్క గూడ రాదు."

"ఈడ నాలుగే వడ్డది తమ్మీ. పదకొండు కిలోమీటర్ల అవతల పడ్డది గీ డబ్బాకు ఎట్ల తెలుస్తది?"

వంశీ కాసేపు ఆలోచించాడు. తర్వాత చేతిలో ఉన్న లీటరు నీళ్ళ సీసా మూత తీసి, కంచె దాటి, గరాటులో గడగడా పోశాడు.

"ఇప్పుడు కొలువు."

అలవాటు చెడ్డది. సారయ్య కొలిచాడు. సరిగ్గా యాభై.

"ఒక్క సీసాకు యాభయ్యా?" అని వంశీ నిజంగానే నోరు తెరిచాడు. "ఇంకోటి తెమ్మంటవా?"

"ఇంకోటి పోస్తే నూరు. నాలుగు పోసినవంటే మండలం మునుగుతది, సారు కుర్చీ కొట్టుకపోతది. చాయ్ ఎవరికి తేవాలె నేను?"

లోపల నుంచి తహసీల్దారు పిలిచాడు. చెడ్డవాడు కాదు, అలసిపోయినవాడు. పొద్దుటి నుంచి రెండు పార్టీల వాళ్ళూ ఫోనులో అతని చెవి కొరుక్కు తిన్నారు.

"సారయ్యా, వాళ్ళు నష్టపోయింది అబద్ధమా?"

"నిజమే సార్."

"మరి ఒక అంకె మారిస్తే నీదేం పోతది? సాయంత్రం దాక పైకి పంపకుండ ఆపుతా. ఆలోచించుకో."

సారయ్య బయటికి వచ్చి డబ్బా పక్కన నిలబడ్డాడు. ఇంతకాలం అబద్ధపు అంకె అడిగినవాళ్ళంతా అబద్ధాల కోసమే అడిగారు. వీళ్ళది నిజం కష్టం. తన డబ్బా చెప్పిందీ నిజమే. రెండు నిజాల్లో ఒకటే రాయమంటున్నారు. చివరికి, "నీ బండి మీద మీ ఊరికి తీస్కపో," అని వంశీని అడిగాడు.

చింతలగడ్డ ఇంకా కిలోమీటరు ఉందనగా సారయ్య బండి ఆపించాడు. రోడ్డుకు ఇటు పక్క తుమ్మకొమ్మల మధ్య సాలెగూడు ఒక్క పోగు తెగకుండా ఉంది. అటు పక్క వేపచెట్టుకు ఆకన్నది లేదు, కత్తెరతో గొరిగినట్టుంది. నడుమ ఇరవై అడుగుల తారు. వాన సరిగ్గా ఇక్కడికి వచ్చి ఆగిపోయింది. సారయ్య అటు చూసి, ఇటు చూసి, రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు.

"ఏమైంది కాకా?"

"ఏం లేదు. అసొంటి మబ్బును ఈడ ఎవరు ఆపిన్రో అని."

"మా పార్టీ కాదు," అన్నాడు వంశీ.

ఊళ్ళో మొదటి ఇల్లు యాదవ్వది. భర్త లేడు, రెండెకరాల వరి ఉండేది. వాకిట్లో కూర్చుని తడిసిన వెన్నులను చేత్తో నలుపుతోంది. సారయ్య చూపు ఆమె మీద కాక, వాకిలి నడుమ ఉన్న నూనె డబ్బా మీద పడింది. పదిహేను కిలోల రేకు డబ్బా, పైమూత కోసి, దూడకు నీళ్ళు పెట్టేది. నాలుగు గోడలూ నిటారు. పైన చెట్టు లేదు, చూరు లేదు.

"అక్కా, వానకు ముందు గీ డబ్బల నీళ్ళున్నయా?"

"పొద్దుందాక దూడ నాకింది. అడుగు గూడ ఎండింది."

"వాన వెలిసినంక తాగిందా?"

"రాళ్ళకు బెదిరి ఇంట్లనే ఉన్నది. ఏం దొంగతనం కేసా ఇది?"

సారయ్య పక్కింటి బడిపిల్ల స్కేలు తెప్పించి, డబ్బాలో నిలబెట్టి చూశాడు. ఆరు సెంటీమీటర్ల మీద ఒక గీత. అరవై ఒక్క మిల్లీమీటర్లు.

పక్కన రంగుల బకెట్టు కూడా ఉంది. "గిది సుత కొలువరాదు, ఎక్కువస్తదేమో," అంది యాదవ్వ.

"మూతి వెడల్పు, అడుగు సన్నం. గోడలు వంకరున్నదాని మాట నమ్మొద్దు."

"గా ఆఫీసుల డబ్బా గుండ్రమట గద, గిది నాలుగు పలకలది."

"మూతి ఎసొంటిదైనా వానకు ఫరకు లేదక్కా. గోడలు నిటారుంటే గిలాసల వడ్డా, చెరువుల వడ్డా లోతు ఒక్కతీరే."

యాదవ్వ డబ్బాలోకి తొంగి చూసింది. నిన్నటి నుంచి ఆమె ముఖంలో మొదటిసారి ఏడుపు కానిది ఏదో కనిపించింది. "నిన్నటిదాక దూడ డబ్బనే అనుకున్న," అంది.

సారయ్య ఆఫీసుకు వచ్చి రిజిస్టరు తెరిచాడు. నాలుగు పాయింటు రెండును ముట్టుకోలేదు. పక్కన రిమార్కుల గడిలో, పట్టినంత సన్నగా, 'చింతలగడ్డ, యాదవ్వ వాకిలి, నిటారు గోడల రేకు డబ్బా, 61' అని రాశాడు.

తహసీల్దారు చూసి నిట్టూర్చాడు. "కంప్యూటర్ల రిమార్కుల గడి లేదయ్యా. ఒక్క అంకెకే జాగ. గా అరవై ఒకటే కొడితే పీడ పోతది."

"కొడితే గీ ఊళ్ళె పడ్డట్టయితది సార్. రేపు గీడి రైతు చేను ఎండిందని వస్తే, మీకు అరవై వడ్డది పొమ్మంటరు. ఆయనకేం జవాబు చెప్పాలె?"

కంప్యూటరులోకి నాలుగు పాయింటు రెండే పోయింది. సారు కాసేపు కణతలు నొక్కుకుని, రిజిస్టరు పేజీ జిరాక్సు తీయించి, దాని మీద సంతకం, ముద్ర వేసి ఇచ్చాడు.

మర్నాటికి సారయ్య ఈ పార్టీకి అమ్ముడుపోయాడని ఆ పార్టీ వాట్సాపులో, ఆ పార్టీకి అమ్ముడుపోయాడని ఈ పార్టీ వాట్సాపులో వచ్చింది. హోటలు వాడు చల్లారిన చాయ్ పోశాడు. సారయ్య అదే తాగాడు.

యాదవ్వ ఆఫీసుకు వచ్చింది. "నా వాన రాయలేదన్నరు."

"రాసిన అక్కా. గిదిగో."

"ఇంత చిన్నగనా?"

"జాగ గంతే ఉన్నది."

ఆమె ఆ కాగితం మడిచి కొంగున కట్టుకుని, సోమవారం మరో ముప్పై మందితో సిద్దిపేట కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోయింది. మీ దగ్గర ఆధారం ఏముందంటే అందరికంటే ముందు ఆమె కొంగు విప్పిందట. కాగితం తీసుకుని రసీదు ఇచ్చారు. పన్నెండు రోజులకు ఇద్దరు మనుషులు వచ్చి చేలు చూశారు. అప్పటికి బురదలో గింజలు మొలకెత్తి, చేను మళ్ళీ నారుమడిలా ఉంది. పోయిందాంట్లో సగం రాసుకున్నారు. వాళ్ళ జీపు ఊరు దాటకముందే రెండు పార్టీల ఫ్లెక్సీలు లేచాయి, రెండింటి మీదా సర్వే తెచ్చింది మేమేనని. ఒకదాని మీద వంశీ నవ్వుతున్నాడు. సారయ్య బస్సులో నుంచి వాటిని చూసి, కళ్ళు మూసుకుని తల కిటికీకి ఆనించాడు.

మే నెలలో మళ్ళీ ఒక వాన పడింది. తెల్లారి ఆరింటికే సారయ్య ఫోను మోగడం మొదలుపెట్టింది.

"తమ్మీ, యాదవ్వను. ముప్పై రెండు. దూడను కట్టేసినంకనే కొలిచిన."

అది పెట్టేలోపు ఇంకొకటి. చింతలగడ్డ అంతా నూనె డబ్బాలు వాకిట్లో పెట్టుకుని, పిల్లల స్కేళ్ళు పట్టుకుని కూర్చుంది. పదిహేడు మంది ఫోను చేశారు. రిజిస్టరులో వీటికి గడి లేదు. అడిగిన వాళ్ళు లేరు, చూసే వాళ్ళు లేరు. సారయ్య ఆఫీసుకు చేరగానే పేజీ వెనక్కి తిప్పి, స్కేలు పెట్టి తనే గీతలు గీసి, ఒక్కొక్కటీ రాయసాగాడు. నడుము నొప్పి పుట్టింది.

చివరగా దుబ్బయ్య అనే రైతు చేశాడు. "సారయ్యా, మాది నూట నలభై."

"పక్కింట్ల ముప్పై వడ్డది బాపు. నీ ఒక్క ఇంటి మీద నూట నలభై ఎట్ల వడ్తది?"

"పడ్డది. నేనేమన్న అబద్ధమాడ్తన్ననా?"

"నేను గట్లన్ననా? మీద పోసింది ఎంత, పడ్డది ఎంత, అది చెప్పు."

అవతల బిందె కింద పెట్టిన చప్పుడైంది.

"ఇరవై తొమ్మిది," అన్నాడు దుబ్బయ్య.

సారయ్య ఇరవై తొమ్మిది అని రాశాడు.