కనకయ్య సారు మంచుగడ్డ పాఠం

చిత్రలేఖనోపాధ్యాయులు కనకయ్య గారు చొప్పదండిలోని స్వగృహంలో గుండెపోటుతో కన్నుమూశారన్న వార్త పోయిన సోమవారం బడి గంట కొట్టకముందే బోథ్‌లోని మా బడికి చేరింది. నిశ్చేష్టుడినయ్యాను. ఆ వెంటనే, ఇకనైనా పిల్లలు నా వైపు చూస్తారన్న ఆశ కూడా మనసులో మెదిలింది. పన్నెండేళ్లు పక్కనే పనిచేసిన మనిషి మీద ఇంత అసూయ ఉన్నవాణ్ని సంస్మరణ రాయమనడం మా ప్రధానోపాధ్యాయుల అమాయకత్వం.

నేను సాంఘికశాస్త్రం చెబుతాను. మూడేళ్ల క్రితం ఏడో తరగతికి, కొండలపై మెల్లగా జారే మంచుకు పేరైన ‘హిమానీనదం’ నిర్వచనం పదిసార్లు రాయించాను. పరీక్షలో బొమ్మ గీయమంటే తరగతి మొత్తం చేపలు, పడవలతో నిండు నది గీసింది. ఆ కాగితాలు చూసి కనకయ్య గారు పడి పడి నవ్వారు.

“నదం అని మీరే అంటిరి. పిల్లలు పడవలెయ్యక ఏంజేస్తరు సారూ? జర ఒక్క పీరియడు నాకియ్యుండ్రి.”

ఇచ్చాను. అదే నా పొరపాటు.

మర్నాడు చేపల అంగడి నుంచి మంచుగడ్డ తెప్పించి వరండాలో ఏటవాలు బల్ల మీద పెట్టారు. దిగువన తెల్లగుడ్డ పరిచి, ఎవరి ఇల్లు వాళ్లను రంగులతో వేయమన్నారు. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి మంచు మీద అరచెయ్యి ఆనించమన్నారు. నీళ్లు జారాయి. ఇళ్లన్నీ చెరిగి కలగలిసిపోయాయి. గుమ్మంలో తల్లిని కూడా గీసుకున్న ఒక అమ్మాయి “మా అవ్వ పోయింది సార్!” అని వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఎవలు కరిగిచ్చిండ్రు బిడ్డా?”

“అందరం సార్.”

“నువ్వొక్కదానివి చెయ్యి తీస్తె ఆగుతదా?”

“ఆగది సార్. అందరం తియ్యాలె.”

“కొండల మీది మంచుకు గూడ గంతే. మన పొగ, మన వేడి.”

నెల రోజుల నా పాఠం ఆ అరగంట ముందు వెలవెలబోయింది. ఒళ్లు మండి, వరండా పాడైందని ప్రధానోపాధ్యాయులకు ఫిర్యాదు చేశాను. ఆ ఫిర్యాదు ఎవరిదో తెలిసి కూడా కనకయ్య గారు “ఫికర్ చెయ్యకుండ్రి సారూ, తుడుస్త” అని తానే తుడిచారు. ఆ మంచితనానికి ఇంకా కుళ్లుకున్నాను.

నిన్న మళ్లీ ఆ పాఠం వచ్చింది. మంచుగడ్డ, బల్ల, గుడ్డ, అన్నీ ఆయన పెట్టినట్టే పెట్టాను. పిల్లలు చేతులు ఆనించారు. నీళ్లు ధారగా పారాయి. ఒక్క ఇల్లూ చెరగలేదు. ఆయన నేతవారి బిడ్డ, ఏ రంగు గుడ్డకు పడుతుందో, ఏది పట్టదో తెలిసిన మనిషి; ఆ రోజు కావాలనే పట్టనిది కలిపారు. నేను దుకాణంలో దొరికింది కలిపాను, అది గుడ్డకు గట్టిగా పట్టేసింది.

“మన ఇండ్లకేం గాలే సార్!” అని పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్లలో నా తరగతిలో మోగిన మొదటి చప్పట్లు అవి. తలెత్తలేకపోయాను.

కనకయ్య గారూ, మీ మీద అసూయ ఇంకా చావలేదు. ఆ పిల్లలకు నేను అబద్ధం నేర్పాను. దిద్దడానికి మీరు లేరు.